రాతి బండల సందులు నింపడం

ఇంటి ముంగిలి, పెరడు, అరుగు, బావి చప్టా వంటి ఆరుబయటి స్థలాలలో పరచిన సహజ రాతి బండల మధ్య మిగిలే ఖాళీలను తగిన పదార్థంతో పూడ్చే పనిని సందులు నింపడం అంటారు. తెలంగాణ మేస్త్రీలు ఈ సందులను దర్జలు అని వ్యవహరిస్తారు. చీలిక, సందు అనే అర్థం గల ఉర్దూ పదం 'దర్జ్' నుండి ఈ మాట వచ్చింది. పొడి ఇసుక, రాతిపొడి, పాలిమర్ ఇసుక, సున్నపు గచ్చు, సిమెంటు గచ్చు, ఎపాక్సీ అనేవి ఇందుకు వాడే ముఖ్య పదార్థాలు. వీటిలో అన్ని చోట్లా పనికివచ్చేది ఏదీ లేదు. బండ కింద ఉన్న పరుపు, రాతి రకం, సందు వెడల్పు, నీరు పోయే దారి అనే నాలుగు అంశాలను బట్టి పదార్థాన్ని ఎంచుకోవాలి. వీటిలో మొదటిది అతి ముఖ్యమైనది. కదిలే పరుపు మీద కదలగల సందు, కదలని పరుపు మీద గట్టి సందు ఉండాలన్నది ఈ పనికి మూలసూత్రం.

సందు అవసరం

బండలను ఒకదానికొకటి ఆనించి సందు లేకుండా పరిస్తే పని తేలికవుతుందని పలువురు భావిస్తారు. ఆరుబయట ఇది మంచి పద్ధతి కాదు. సందు వల్ల కలిగే ప్రయోజనాలు ఇవి:

* చేతితో కొట్టిన బండల అంచులు పూర్తిగా సూటిగా ఉండవు. ఆ హెచ్చుతగ్గులను సందు సర్దుతుంది.
* ఎండకు రాయి వ్యాకోచిస్తుంది. గ్రానైటు వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 0.000008. ఈ లెక్కన 3 మీటర్ల పొడవున పరచిన గ్రానైటు 40 డిగ్రీల ఉష్ణోగ్రతా భేదానికి దాదాపు 1 మి.మీ. పెరుగుతుంది. ఆ చోటు దొరకనప్పుడు అంచులు ఒరుసుకొని పెచ్చులూడుతాయి.
* బండ కింద చేరిన తేమ ఆవిరై పైకి పోవడానికి సందు దారి ఇస్తుంది.
* అరుగుదల, కదలిక ముందుగా సందు మీద పడతాయి. బండ పగిలితే బండనే మార్చవలసి వస్తుంది. సందు చెడితే గీకి మళ్ళీ నింపవచ్చు. కావున దెబ్బతినే భాగం సందు కావాలి గాని బండ కారాదు.

చరిత్ర

కాకతీయుల ఆలయాలలో రాళ్ళను ఒకదానికొకటి సరిపోయేలా చెక్కి, మధ్య గచ్చు లేకుండానే పేర్చేవారు. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయం (నిర్మాణం 1213, ప్రపంచ వారసత్వ గుర్తింపు 2021) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇంత సూక్ష్మంగా చెక్కే పనికి కాలం, నైపుణ్యం ఎక్కువగా కావాలి. సామాన్యుల ఇళ్ళకు ఇది సాధ్యమయ్యేది కాదు.

కుతుబ్ షాహీల కాలానికి గ్రానైటు రాతిని సున్నపు గచ్చుతో కలిపి కట్టడం ప్రధాన పద్ధతి అయింది. హైదరాబాదులోని చార్మినార్ (1591) ఈ విధంగా కట్టినదే. సున్నం, ఇసుక కలిపి ఎద్దులు తిప్పే రాతి గానుగలో నూరి గచ్చు తయారుచేసేవారు. అందులో ఇటుకపొడి (సుర్కీ), కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లం వంటివి కలిపేవారు.

ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. ఉత్తర తెలంగాణలో నాటి కరీంనగర్ జిల్లా బసంత్‌నగర్‌లో 1969లోను, నాటి ఆదిలాబాద్ జిల్లా దేవాపూర్‌లో 1982లోను సిమెంటు కర్మాగారాలు ఉత్పత్తి ప్రారంభించాయి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో బసంత్‌నగర్ పెద్దపల్లి జిల్లాలోకి, దేవాపూర్ మంచిర్యాల జిల్లాలోకి చేరాయి. సిమెంటు సులభంగా లభించసాగాక సున్నపు గానుగలు క్రమంగా కనుమరుగయ్యాయి. దానితోపాటే ప్రతి సందుకూ సిమెంటే అనే అలవాటు కూడా స్థిరపడింది. నేటి ముంగిళ్ళలో కనిపించే పలు లోపాలకు ఈ అలవాటే మూలం.

ఆదిలాబాద్ ప్రాంతపు నేల, వాతావరణం

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పత్తి పండే నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. రేగడిలోని బంకమన్ను వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. ఇటువంటి నేల మీద తగిన పునాది లేకుండా పరచిన బండలు ఏటా కొద్దికొద్దిగా లేస్తూ, కుంగుతూ ఉంటాయి.

ఆదిలాబాద్‌లో వేసవి పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటడం, శీతకాలపు రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే దిగువకు పడిపోవడం కద్దు. వానలో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వల్ల కురుస్తుంది. అందువల్ల ఇక్కడి సందు మూడు పరీక్షలకు నిలవాలి: నేల కదలిక, ఎండ వేడిమి, ఏకధాటి వాన.

బ్రిటన్ వంటి చలిదేశాలలో సందులోని నీరు గడ్డకట్టి పగిలించడం పెద్ద సమస్య. కడప, తాండూరు ప్రాంతాల నాపరాళ్ళు ఆ దేశానికి ఎగుమతి అవుతున్నందున వాటి గురించి అక్కడి సలహాలు విరివిగా లభిస్తాయి. అయితే ఆ సలహాలు మంచును దృష్టిలో ఉంచుకొని చెప్పినవి. రేగడి నేలకు, మండుటెండకు వాటిని యథాతథంగా అన్వయించరాదు.

వాడుకలో ఉన్న రాళ్ళు

* గ్రానైటు: కరీంనగర్ పరిసరాలలోని గనుల నుండి లభిస్తుంది. ఇక్కడి 'టాన్ బ్రౌన్' రకం విదేశాలకు కూడా ఎగుమతి అవుతుంది. నీటిని చాలా తక్కువగా పీలుస్తుంది. గట్టి సందుకు తట్టుకుంటుంది. మరకు కోసిన గ్రానైటు అంచులు సూటిగా ఉంటాయి కనుక 5 నుండి 8 మి.మీ. సందు చాలు.
* షాబాద్, తాండూరు బండలు: ఇవి సున్నపురాయి జాతివి, నాపరాళ్ళు. షాబాద్ కర్ణాటకలోని కలబురగి జిల్లాలోను, తాండూరు తెలంగాణలోని వికారాబాద్ జిల్లాలోను ఉన్నాయి. పొరలుపొరలుగా విడివడడం వీటి స్వభావం. అంచు వద్ద ఒత్తిడి పడితే పెచ్చులూడుతాయి. వీటికి ఆమ్లం తగలరాదు.
* ఇసుకరాయి: మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు ప్రాణహిత-గోదావరి లోయలోని బొగ్గు పొరలతో కూడిన శిలలలో ఉంటుంది. నీటిని పీల్చుకుంటుంది. దీనికి గాలి ఆడే మెత్తని సందు మేలు.
* నల్లరాయి (బసాల్ట్): ఆదిలాబాద్ పడమటి భాగంలోని దక్కను లావా శిల. చాలా గట్టిది, బరువైనది. కొట్టిన అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి కనుక సందు వెడల్పుగా వస్తుంది.

పరుపు రకాలు

సందు పదార్థాన్ని నిర్ణయించేముందు బండ దేని మీద ఉన్నదో తెలుసుకోవాలి.

కదిలే పరుపు: మట్టిని తీసి మొరం నింపి, దిమ్మిస చేసి, దానిపై ఇసుకగాని రాతిపొడిగాని పరచి బండలు వేస్తారు. నీరు కిందికి ఇంకుతుంది. బండలు కొద్దిగా కదులుతాయి. ఖర్చు తక్కువ.

కదలని పరుపు: మొరం మీద కాంక్రీటు పోసి, ఆపై సిమెంటు గచ్చులో బండలను పూర్తిగా ఆనేలా కూర్చుతారు. నీరు పైనుండే వాటం మీద పారిపోవాలి.

కదిలే పరుపు మీద సిమెంటు సందు వేస్తే మొదటి వానకాలం లోపే అది బండ నుండి విడివడి వెంట్రుకవాసి చీలికలు ఏర్పడతాయి. ఆ చీలికల గుండా దిగిన నీరు కింది ఇసుకను జారుస్తుంది. బండ మరింత ఊగుతుంది, సందు ముక్కలై లేచిపోతుంది. మళ్ళీ సిమెంటు పూస్తే అదే కథ పునరావృతమవుతుంది. లోపం సిమెంటు నాణ్యతలో లేదు, దానిని వాడిన చోటులో ఉన్నది.

సందు పదార్థాలు

పొడి ఇసుక, రాతిపొడి

కదిలే పరుపుకు సహజంగా సరిపోయేవి ఇవే. గరుకైన, మన్ను లేని ఇసుకను ఎండబెట్టి సందులలోకి ఊడ్చి నింపుతారు. రాతిని మరలో నలిపినప్పుడు వచ్చే పొడి కోణాలు గల రేణువులతో ఉండి ఇసుక కంటే బాగా బిగుస్తుంది. బండ లేచినా, కుంగినా ఈ సందు పగలదు. బండను తీసి మళ్ళీ అమర్చడం సులభం. వానకు కొట్టుకుపోవడం, చీమలు తోడిపోయడం, గడ్డి మొలవడం దీనిలోని లోపాలు. ఏటా వానల తరువాత ఒకసారి నింపుకోవాలి. వాలు ఎక్కువగా ఉన్నచోట, ఇంటి కప్పు నుండి నీరు ధారగా పడేచోట ఇది నిలవదు.

పాలిమర్ ఇసుక

ఇసుకలో జిగురు పొడి కలిపి సంచులలో అమ్ముతారు. సందులో నింపి సన్నగా నీరు చిలకరిస్తే బిగుస్తుంది. గడ్డి, చీమల బాధ తగ్గుతుంది. నింపేనాడు బండలు పూర్తిగా పొడిగా ఉండాలి, బిగిసేవరకు వాన రాకూడదు. బండ మీద పొడి మిగిలితే తెల్లని మసక పొర ఏర్పడుతుంది. నీరు నిలిచే చోట మెత్తబడుతుంది కనుక కింది పరుపు నీటిని వదిలేదై ఉండాలి. తయారీదారు సూచించిన సందు వెడల్పును అతిక్రమించరాదు.

సున్నపు గచ్చు

కాల్చిన సున్నపురాయిని నీటిలో విరిస్తే తడి సున్నం వస్తుంది. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమంగా తిరిగి సున్నపురాయిగా మారుతుంది. ఒక పాలు సున్నానికి 2 నుండి 3 పాళ్ళ ఇసుక, సుర్కీల మిశ్రమం వాడతారు. వట్టి తెల్లసున్నం తేమలో గట్టిపడదు. సుర్కీ కలిపితేగాని, జలసహ సున్నం వాడితేగాని ఆరుబయట నిలవదు. కట్టుబడి సున్నాలకు భారత ప్రమాణం ఐ.ఎస్. 712.

ఈ సందు కొద్దిపాటి కదలికను ఓర్చుకుంటుంది, తేమను బయటికి వదులుతుంది, రాతి అంచుకు హాని చేయదు. పాత కోటలు, గుడులు, గడీల రాతిపనిలో మరమ్మతుకు ఇదే తగినది. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల మరమ్మతులలో కూడా సున్నపు గచ్చునే వాడుతుంది. నెమ్మదిగా గట్టిపడటం, పని తెలిసిన మేస్త్రీలు అరుదు కావడం దీనికి ఇబ్బందులు.

సిమెంటు గచ్చు

కదలని పరుపు మీద ఇది చవకైన, మన్నికైన పదార్థం. ఐ.ఎస్. 2250 ప్రకారం 1:6 పాళ్ళ సిమెంటు-ఇసుక గచ్చు బలం చదరపు మి.మీ.కు 3 న్యూటన్లు, 1:4 పాళ్ళది 7.5 న్యూటన్లు. సిమెంటు ఎంత పెంచితే అంత మంచిదనుకోవడం పొరపాటు. సిమెంటు పాలు, నీటి పాలు పెరిగినకొద్దీ గచ్చు ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోయి చీలుతుంది. సాధారణంగా 1:3 నుండి 1:4 పాళ్ళు చాలు. నాపరాయి, ఇసుకరాయి వంటి వాటికి సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 పాళ్ళలో కలిపిన మిశ్రమ గచ్చు మేలు. సున్నం చేరడం వల్ల గచ్చు మెత్తగా, జిగటగా ఉండి అంచుకు బాగా అంటుతుంది.

ఎపాక్సీ

రెండు భాగాలుగా వచ్చే రసాయన బంధకం. రెండింటినీ కలిపిన కొద్దిసేపటికే బిగుస్తుంది. వేసవి వేడిలో ఈ వ్యవధి మరింత తగ్గుతుంది. మరకలు పట్టదు, నీటిని పీల్చదు, చాలా గట్టిది. వంటిల్లు, స్నానపుగది వంటి చోట్ల మిక్కిలి ఉపయుక్తం. ఆరుబయట సామాన్య ఎపాక్సీ ఎండకు పసుపు రంగు తిరుగుతుంది. గట్టి పరుపు లేనిచోట దీనిని వాడితే సందుకు బదులు బండ అంచే విరిగే ప్రమాదం ఉంది. ధర కూడా ఎక్కువ. నీటిని కిందికి వదిలే ఎపాక్సీ-ఇసుక మిశ్రమాలు ఆరుబయలు కోసం ప్రత్యేకంగా తయారవుతున్నాయి.

సాగే పూరకాలు

సిలికాన్, పాలీయూరిథేన్ వంటివి అన్ని సందులకూ వాడేవి కావు. కదలని పరుపులో 3 నుండి 4.5 మీటర్లకు ఒకటి చొప్పున, ఇంకా గోడను, స్తంభాన్ని బండలు తాకే చోట విడిచిన వ్యాకోచ సందులలో మాత్రమే వాడతారు.

ఎంపిక విధానం

* మొరం, ఇసుక పరుపు. నడకకు మాత్రమే: రాతిపొడి లేదా పొడి ఇసుక. గడ్డి బాధ ఎక్కువైతే పాలిమర్ ఇసుక.
* కాంక్రీటు పరుపు, గ్రానైటు లేదా నల్లరాయి: 1:3 నుండి 1:4 పాళ్ళ సిమెంటు గచ్చు, మధ్యమధ్య వ్యాకోచ సందులు.
* కాంక్రీటు పరుపు, షాబాద్ లేదా తాండూరు బండ: 1:1:6 మిశ్రమ గచ్చు.
* పాత ఇల్లు, గుడి, సున్నంతో కట్టిన అరుగు: సుర్కీ కలిపిన సున్నపు గచ్చు.
* చెట్టు మొదలు చుట్టూ: వేళ్ళకు నీరు, గాలి అందేలా రాతిపొడి.
* వాహనం నిలిపే చోటు: తగిన మందం గల బండ, కాంక్రీటు పరుపు, సిమెంటు గచ్చు.
* రేగడి నేల, పునాది ఎంత ఉన్నదో తెలియని పాత పరుపు: గట్టి సందు వేయరాదు. రాతిపొడి నింపి ఒక వానకాలం గమనించిన పిదప నిర్ణయించడం వివేకం.

పరిమాణం లెక్క

ఒక చదరపు మీటరుకు కావలసిన పూరకాన్ని ఈ విధంగా లెక్కించవచ్చు:

(బండ పొడవు + వెడల్పు) ÷ (పొడవు × వెడల్పు) × సందు వెడల్పు × సందు లోతు

కొలతలన్నీ మీటర్లలో తీసుకోవాలి. ఉదాహరణకు 60 సెం.మీ. చతురస్రపు బండలకు 10 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. లోతు గల సందు అయితే, 1.2 ÷ 0.36 = 3.33. దీనిని 0.01, 0.03లతో గుణిస్తే 0.001 ఘనపు మీటరు, అనగా 1 లీటరు. 20 చదరపు మీటర్ల ముంగిలికి 20 లీటర్లు, వృథాకు పదో వంతు కలిపితే 22 లీటర్లు. తడిపినప్పుడు గచ్చు ఘనపరిమాణం తగ్గుతుంది కనుక పొడి సరుకు మూడో వంతు ఎక్కువగా, సుమారు 29 లీటర్లు తీసుకోవాలి. 1:3 పాళ్ళలో ఇందులో సిమెంటు సుమారు 7.3 లీటర్లు, అనగా 10.5 కిలోలు. 50 కిలోల బస్తాలో నాలుగో వంతు కూడా అవసరం లేదు.

బండ 30 సెం.మీ. చతురస్రమైతే పూరకం సరిగ్గా రెట్టింపు, అనగా చదరపు మీటరుకు 2 లీటర్లు పడుతుంది. బండ చిన్నదైనకొద్దీ సందుల ఖర్చు పెరుగుతుంది.

పని విధానం

1. నల్లరేగడిని వీలైనంత లోతుగా తీసివేసి, మొరాన్ని పొరలు పొరలుగా నింపి, తడిపి దిమ్మిస చేయాలి.
2. ఇంటి గోడ నుండి బయటికి మీటరుకు 12 నుండి 16 మి.మీ. వాటం ఇవ్వాలి. ఏ సందు పదార్థమూ వాటానికి ప్రత్యామ్నాయం కాదు.
3. గచ్చు వేసేముందు సందులోని దుమ్ము, మట్టి పూర్తిగా తొలగించి, రాతి అంచులను తడపాలి. నీరు నిలిచి ఉండరాదు. పాలిమర్ ఇసుకకు మాత్రం తడపరాదు.
4. గచ్చును పైపైన పూయక, సందు అడుగు వరకు కూరి, తాపీతో నొక్కి, బండ మట్టానికి కొంచెం దిగువగా నున్న చేయాలి.
5. బండ మీద పడిన గచ్చును ఆరకముందే తడిగుడ్డతో తుడవాలి.
6. సిమెంటు సందును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. వేసవిలో తడి గోనెలు కప్పడం మంచిది. సున్నపు సందును నేరుగా ఎండ తగలకుండా మరిన్ని రోజులు కాపాడాలి.
7. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు, భారీ వానల కాలం ఈ పనికి అనుకూలం కావు. వానలు వెనుకబట్టిన తరువాతి నెలలు ఉత్తమం.

తరచుగా కనిపించే లోపాలు

తెల్లని పొర: సిమెంటులోని కరిగే లవణాలు, సున్నం నీటితో పైకి వచ్చి తెల్లగా పేరుకుంటాయి. పొడి కుంచెతో పలుమార్లు ఊడ్చడం మొదటి ఉపాయం. కింద నీరు నిలవడం ఆగకపోతే పొర మళ్ళీ వస్తుంది.

ఆమ్లపు మచ్చలు: సిమెంటు మరకలు పోవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగే అలవాటు ఉంది. షాబాద్, తాండూరు, కడప బండలు ప్రధానంగా కాల్షియం కార్బనేటు. ఆమ్లం తగిలిన వెంటనే బుసబుస పొంగి రాతి పైపొర కరిగిపోతుంది. పోయిన మెరుపు తిరిగి రాదు. సందులోని గచ్చు కూడా దెబ్బతింటుంది.

సందు లేచిపోవడం: లోతు చాలకపోవడం, దుమ్ము మీద పూయడం, పరుపు కదలడం దీనికి కారణాలు. బండను కొట్టి చూసినప్పుడు డొల్ల శబ్దం వస్తే లోపం సందులో కాక కింది పరుపులో ఉన్నదని గ్రహించాలి. అప్పుడు బండను లేపి పరుపును సరిచేయాలి.

పాత సందుల మరమ్మతు

పాత పూరకాన్ని ఉలితో నెమ్మదిగా, సందు వెడల్పుకు రెట్టింపు లోతు వరకు, కనీసం 20 నుండి 25 మి.మీ. మేర తీయాలి. మర కత్తి వాడితే అంచులు తెగే ప్రమాదం ఉంది. తీసిన పూరకం సున్నమైతే తిరిగి సున్నమే నింపాలి. పాత సున్నపు సందు మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపల చిక్కుకొని రాతి అంచు గుండానే బయటికి వెళ్తుంది. కొన్నేళ్ళకు సందు నిలిచి, దాని ఇరువైపులా రాయి అరిగిపోయి కనిపిస్తుంది.

జాగ్రత్తలు

సున్నం, సిమెంటు తీవ్రమైన క్షారాలు. చర్మాన్ని, కళ్ళను కాలుస్తాయి. చేతొడుగులు, కళ్ళద్దాలు ధరించాలి. సున్నాన్ని విరిచేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచాలి. గ్రానైటు, ఇసుకరాయి కోసేటప్పుడు వచ్చే సిలికా ధూళి దీర్ఘకాలం పీల్చితే సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది. కావున నీరు పోస్తూ కోయాలి, తగిన ముసుగు ధరించాలి. రోజంతా ఈ పనిలో ఉండే కూలీలకు ఈ రక్షణ కల్పించడం పని చేయించేవారి బాధ్యత.

ఇవి కూడా చూడండి

* సున్నపురాయి
* గ్రానైటు
* షాబాద్ బండ
* నల్లరేగడి నేల
* రామప్ప దేవాలయం